గోడ చెప్పిన అబద్ధం

మే 9

మళ్ళీ ఓడాం. మా పిచర్ కుగా అన్న మూడో ఇన్నింగ్స్ కూడా దాటలేదు.

ఈ నోటుబుక్కు నా పెళ్ళాం ఫుమినో కూరల చీటీలు రాసుకోడానికి కొనుక్కుంది. అడక్కుండా తీసుకున్నాను. తనతో కూడా అనలేని మాట ఒకటి ఉంది. రాసుకుంటే తేలికవుతుందేమో.

ఇవాళ రాయలేను.

మే 10

ఇవాళా రాయలేదు.

మే 13

పొద్దున పంటి డాక్టరు దగ్గరికెళ్తే ఫారం ఇచ్చారు. వృత్తి అన్న చోట ఎప్పుడూ ఆగిపోతాను. బేస్‌బాల్ ఆటగాణ్ణి అని రాస్తే అబద్ధం. ఇరవయ్యారో ఏటే జట్టులోంచి నన్ను తీసేశారు. చివరికి ‘బంతులు పట్టడం’ అని రాశాను.

కౌంటర్‌లో అమ్మాయి చదివి, "అంటే ఏంటండీ?" అంది.

"మ్యాచ్‌కి ముందు పిచర్లు షెడ్డులో చెయ్యి వేడెక్కించుకుంటారు కదమ్మా. వాళ్ళు విసిరే బంతులు కూచుని పట్టేది నేను."

"మ్యాచ్‌లో కూడా మీరే పడతారా?"

"మ్యాచ్‌లో కాదు. షెడ్డులోనే."

పాపం, ఫారం తిప్పి తిప్పి చూసింది. అంతలో, "అయితే కుగా గారి బంతి కూడా పట్టారా?" అంది.

"పద్నాలుగేళ్ళుగా."

అంతే, లోపల్నుంచి డాక్టరు మూతికి గుడ్డతోనే బయటికొచ్చాడు. కుర్చీలో కూచోబెట్టి నా నోరు తెరిపించి మరీ అడిగాడు: "ఈ ఏడు ఆయనకేమైందండీ? నలభై ఒకటి కదూ? మానేస్తారా ఏంటి? మా మత్సుయామాలో ఆయన తర్వాత ఎవరున్నారు చెప్పండి!" నోట్లో రెండు ఇనప కడ్డీలున్నాయి కాబట్టి జవాబు చెప్పే పని తప్పింది.

సరే, రాస్తాను.

ఆటగాళ్ళు మమ్మల్ని గోడలంటారు. బంతి కొడితే తిరిగి ఇస్తాం, అంతే పని అని. కానీ ఊరికే పట్టేవాడు మంచి గోడ కాడు. వేగంగా వచ్చే బంతిని గ్లవ్‌లో సరిగ్గా చూపుడువేలి మొదట్లో పడితే ‘ఠప్పు’మని మోగుతుంది. రేకుల షెడ్డులో ఆ మోత రెట్టింపవుతుంది. అది విని పిచర్‌కి గుండె నిండుతుంది. ఛాతీ విరుచుకుని మైదానంలోకి పోతాడు. అదే బంతిని కాస్త లోపలికి, వలలోకి రానిస్తే ‘దబ్’ మంటుంది, తడిసిన పరుపు మీద కొట్టినట్టు.

చేవలేని బంతిని కూడా మోగించచ్చు. అది నా విద్య. బంతి అందే లిప్తలో చెయ్యి నాలుగు వేళ్ళ దూరం ముందుకు తోసి గ్లవ్ మూసేస్తే చాలు. ఎదుటివాడికి తెలియదు.

గత సెప్టెంబరు నుంచి కుగా అన్న వేగంగా వేసే సూటి బంతి దానంతటది మోగడం లేదు. నేను మోగిస్తున్నాను.

అతని కోసమే.

జూన్ 2

గెలిచాడు! ఏడు ఇన్నింగ్స్. ఒక్క పరుగే ఇచ్చాడు.

అన్నీ నెమ్మదిగా వచ్చే వంపు బంతులే అనుకో. అయినా గెలుపు గెలుపే. మ్యాచ్ అయ్యాక నా వీపు మీద ఒక్కటి చరిచి, "ఒరేయ్ నుమా, మొన్న పేపర్లో నాకు పాడె కట్టిన వాడెవడ్రా? వాడి ఇంటి ముందు గంతులేద్దాం పద," అన్నాడు. హైస్కూల్లో నాకంటే ఒక్క ఏడు పైన. అప్పుడూ ఇంతే, ఓడిన రోజు ఎవరితో మాట్లాడేవాడు కాదు, గెలిచిన రోజు ఎవర్నీ మాట్లాడనిచ్చేవాడు కాదు.

అతని కోసమే అని రాసుకున్న ఆ రెండు మాటల గురించి నిన్న రాత్రంతా అనవసరంగా బాధపడ్డాను. ఇదిగో గెలిచాడు కదా. చప్పుడు విని ధైర్యం, ధైర్యం వల్ల గెలుపు. దీన్లో తప్పేముంది.

జూన్ 17

వాన. మ్యాచ్ రద్దు. పెద్ద కోచ్ హిరుకావా గారు నన్ను గదికి పిలిచారు. పద్నాలుగేళ్ళలో ఆ గదిలోకి నేను వెళ్ళడం ఇది రెండోసారి.

"కూచో. టీ తాగుతావా?"

"వద్దండి."

"వేగం కొలిచే మిషను నా దగ్గరుంది. అది అంకె చెబుతుంది, అంతే. చివరి రెండు గజాల్లో బంతి పైకి లేస్తోందా, చతికిలబడుతోందా అది చెప్పదు. అది పట్టేవాడి చేతికే తెలుస్తుంది." కిటికీలోంచి వాన చూస్తూ మాట్లాడుతున్నారు. "కుగాని రెండో జట్టుకి పంపమని పైవాళ్ళు గోల. పంపితే మళ్ళీ రాడని నీకూ తెలుసు, నాకూ తెలుసు. నువ్వు ఒక్క మాట చెప్పు. అతని బంతి బతికుందా?"

"బతికే ఉందండి."

"నా మొహం చూసి చెప్పు."

చూశాను. "బతికే ఉందండి. ఎండలు ముదిరితే ఇంకా కదులుతుంది. ఆయన ఎప్పుడూ వేసవి మనిషి."

ఆ వేసవి మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు. హిరుకావా గారు చాలాసేపు చూసి తలాడించారు.

జూన్ 18

అతని కోసమే. ఇంకెవరి కోసం?

జూలై 4

అన్నం తింటుంటే ఫుమినో అడిగింది, "వచ్చే ఏడు కూడా నీకు ఇదే పనేనా? మా నాన్న నారింజ తోటకి మనిషి కావాలంటున్నాడు, ఏమని చెప్పను?"

"అన్న ఉన్నన్నాళ్ళు నేనూ ఉంటాను."

"ఆయన పోతే?"

"పోడు."

"మనిషన్నాక మానేయడా ఎప్పటికైనా? నీకు కోపం దేనికి?"

నాకు కోపం రాలేదు. గిన్నె గట్టిగా పెట్టానంతే.

జట్టు నన్ను తీసేసిన రోజు కుగా అన్న ఆఫీసులోకెళ్ళి, నా గోడగా వీడే కావాలి అని పట్టుబట్టాడు. అప్పటినుంచీ ఏటేటా నా కాగితం మీద సంతకం పడుతోంది. ఏటేటా అతను అడుగుతున్నాడు కాబట్టే పడుతోంది. ఇది ఇక్కడ ఎందుకు రాస్తున్నానో తెలియదు. దానికీ దీనికీ సంబంధం లేదు.

జూలై 22

నిన్న రాయలేకపోయాను. ఇవాళ వరస తప్పకుండా రాయాలి.

నిన్న అగ్రస్థానంలో ఉన్న జట్టుతో మ్యాచ్. సాయంత్రం అయిదున్నరకి షెడ్డులో మొదలుపెట్టాం. అన్నకి భుజం బిగుసుకుని ఉంది. మొదటి పది బంతులూ నీళ్ళ మూటల్లా వచ్చాయి. నాకు భయమేసింది. పదకొండో బంతి నుంచి ఒంట్లో ఉన్న నేర్పంతా పెట్టి మోగించాను. అంత గట్టిగా ఎప్పుడూ మోగించలేదు. పక్కన సెగావా, అతను ఇంకో గోడ, అతని పిచర్ కూడా ఆపి మావైపు చూశారు.

"విన్నావట్రా!" అన్నాడు అన్న. "ఇరవయ్యేళ్ళు రాలిపోయినట్టుంది."

"మోగుతోందన్నా."

"ఇవాళ ఎవడొచ్చినా సూటిగానే."

అయిదో ఇన్నింగ్స్. ఇద్దరు అవుట్, ఒకడు పరుగు దారిలో రెండో మెట్టు మీద. బ్యాట్ పట్టుకుని ఒసానై. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, ఎద్దులాంటి భుజాలు. నేను షెడ్డులో చిన్న టీవీలో చూస్తున్నాను. మైదానంలో బంతి పట్టే క్యాచర్ వేళ్ళతో సైగ చేసి వంపు బంతి అడిగాడు. అన్న తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ ఊపాడు.

సూటి బంతి. లోపలి వైపు.

కొట్టిన బంతి నేరుగా వెనక్కి వచ్చింది. అన్న గ్లవ్ నడుము దగ్గరే ఉంది. టీవీలోంచీ, మైదానంలోంచీ ఒకేసారి వినబడింది ఆ చప్పుడు. ఇరవై వేలమందీ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. బ్యాటు పడేసి ఒసానై పరుగు తియ్యాల్సిన వైపు కాకుండా అన్న నిలబడే మిట్ట వైపు పరిగెత్తాడు.

అన్నకి కుడికంటి కింద ఎముక రెండుచోట్ల విరిగిందట. కన్ను సంగతి వాపు తగ్గితేగానీ చెప్పలేమన్నారు.

జూలై 25

ఆస్పత్రి. మొహం సగం కట్టు. మిగిలిన సగంతో నవ్వుతున్నాడు.

"ఒసానై వచ్చాడ్రా. నేల మీద పడి ఏడుస్తున్నాడు. లేపలేక నర్సులు చచ్చారు. వాడి తప్పేముంది? వంపు బంతి వెయ్యాల్సింది నేను." ఎడం చేత్తో నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. "కానీ ఆరోజు షెడ్డులో నీ గ్లవ్ మోగిన తీరుకి, సూటిగా వెయ్యకపోతే నన్ను నేనే అవమానించుకున్నట్టు అనిపించింది."

గదిలోంచి బయటికొచ్చేశాను. మెట్ల మీద కూచున్నాను. ఒక నర్సు వచ్చి, "మీరు ఏ వార్డు?" అంది.

ఆగస్టు 3

కన్ను పోదన్నారు. ఫుమినో కళ్ళు తుడుచుకుంది. నేను బయటికెళ్ళి ట్రాము ఎక్కి, చివరిదాకా పోయి, అదే ట్రాములో వెనక్కొచ్చాను.

ఆగస్టు 16

చిజురు వదిన ఇంటికి రమ్మని కబురు పెట్టింది. అన్న నడకకి వెళ్ళిన సమయం చూసి పిలిచిందని తర్వాత అర్థమైంది.

"బంతి తీస్తున్నాడు. గోడకేసి విసురుతున్నాడు. సెప్టెంబరులో మళ్ళీ మిట్ట ఎక్కుతాడట," అంది. చేపల వడలు నా ముందు పెట్టింది, తాను కూచోలేదు. "నేను వద్దంటే ఆడదాని భయం అంటాడు. డాక్టరు వద్దంటే, ఆ డాక్టరు జన్మలో బంతి విసిరాడా అంటాడు. ఈ ఇంట్లో ఆయన నమ్మేది నీ గ్లవ్‌ని. నువ్వు చెప్పు నుమా."

"ఏమని వదినా?"

"నీకు తెలీదూ?" తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "డాక్టరుకి కూడా చెప్పని సంగతి చెబుతున్నా. టీ కప్పు పెడితే ఆయన చెయ్యి అంగుళం పక్కకి పోతోంది. నేను చూడట్లేదనుకుని తడుముకుంటున్నాడు. వాడెవడో మళ్ళీ ఒక్క బంతి అలా కొడితే?"

"చెబుతాను వదినా."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆగస్టు 17

చెప్పలేదు.

ఆగస్టు 19

చెప్పలేదు. ఎండ బాగా ఉంది, అన్న హుషారుగా ఉన్నాడు.

ఆగస్టు 23

చెప్పలేదు.

సెప్టెంబరు 6

ఈరోజు షెడ్డుకొచ్చాడు. జట్టంతా చప్పట్లు కొట్టింది. కుర్రవాళ్ళు వరసగా నిలబడి వంగి దణ్ణాలు పెట్టారు. "దణ్ణాలు తర్వాత, దారి ఇవ్వండ్రా," అన్నాడు.

ముప్ఫై బంతులు. నేను తిరిగి విసిరిన బంతి రెండుసార్లు అతని గ్లవ్ అంచుకి తగిలి కింద పడింది. బూటు లేసు కట్టుకుంటున్నట్టు నటించాడు.

ముప్ఫై బంతులూ మోగించాను.

అవును, మోగించాను. అంతా అయ్యాక కూడా. వదినకి ఒట్టేసి కూడా. చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. తర్వాత అతను నేరుగా హిరుకావా గారి గదికెళ్ళి నేను సిద్ధం అని చెప్పాడు.

అతని కోసమే అని రాయబోయి, చాలాసేపు కలం పట్టుకుని కూచున్నాను.

సెప్టెంబరు 12

ఇవాళ చెయ్యి కదపలేదు.

ఏమీ ఆలోచించుకుని వెళ్ళలేదు. మొదటి బంతి వచ్చింది, చేతిని ఉన్నచోటే ఉంచాను. దబ్.

అన్న తల వంచి వినడం చూశాను. రెండోది. దబ్. మూడోది కాస్త గట్టిగా వేశాడు. దబ్.

"చేతికేమైంది?"

"ఏం కాలేదన్నా."

"గ్లవ్ మార్చావా?"

"అదే గ్లవ్."

నాలుగు, అయిదు, ఆరు. పక్కన సెగావా పట్టే బంతులు ఠప్పు ఠప్పుమని మోగుతున్నాయి. అన్న మెడ దగ్గర నుంచి ఎర్రబడుతూ వచ్చాడు. పదో బంతి తర్వాత మిట్ట దిగి నా దగ్గరికి నడిచొచ్చాడు. నేను కూచునే ఉన్నాను. నా చేతిలోంచి గ్లవ్ లాక్కుని లోపల అంతా వేళ్ళతో నొక్కి చూశాడు. దాన్ని నా ఒళ్ళో పడేశాడు.

"నువ్వు కూడానా?" అన్నాడు. చాలా నెమ్మదిగా. "చిజురు నీతో మాట్లాడింది కదూ? ఇద్దరూ కలిసి నాటకమా? బంతిని చంపి పట్టి నా మనసు విరిచేద్దామని?"

"అది కాదన్నా..."

"సెగావా! నువ్వు రా ఇటు."

తిరగేసి అర్థం చేసుకున్నాడు. ఇన్నాళ్ళదీ నిజం, ఇవాళ్టిది అబద్ధం అనుకున్నాడు. అందరి ముందూ నేనేం చెప్పను?

సెగావాకి ముప్ఫై ఏళ్ళు, మంచి చెయ్యి. మోగించాడు.

సెప్టెంబరు 15

నాతో మాట్లాడ్డంలేదు. షెడ్డులో నాకు పని లేదు. బంతులు తుడిచాను.

సెప్టెంబరు 24

నోటీసు బోర్డు మీద పెట్టారు. అక్టోబరు 3, ఊళ్ళో ఆఖరి మ్యాచ్, మొదటి పిచర్ కుగా. ఎదుటి జట్టు ఒసానైది. టికెట్లు ఒక్క పూటలో అయిపోయాయట.

హిరుకావా గారి గదికి నేనే వెళ్ళాను. మూడోసారి.

"ఆయన్ని ఎక్కించకండి. బంతి చచ్చిపోయిందండి. కన్ను కూడా సరిగ్గా లేదు."

ఆయన కాగితాల్లోంచి తల ఎత్తలేదు. "నిన్ను నేను అడగలేదు."

"జూన్‌లో అడిగారు."

"జూన్‌లో అడిగాను," అన్నారు. అప్పుడు తల ఎత్తారు. "జూన్‌లో ఏమన్నావు?"

నిలబడ్డాను.

"నువ్వు ఆ మాట ఆరోజు చెప్పుంటే ఆ మనిషి మొహం ఇప్పుడు ఒక్క ముక్కగా ఉండేది. ఇప్పుడు అతనే ఎక్కుతానంటున్నాడు, ఎవరో డాక్టరు దగ్గర కాగితం తెచ్చాడు, పైవాళ్ళు కావాలంటున్నారు. నేను ఆపను. నీకు అంత ఉంటే నువ్వు ఆపు."

తలుపు దగ్గరికి వచ్చాక వెనక నుంచి, "నుమజిరీ, నేనూ ఆ మిషను అంకె చూస్తూనే ఉన్నానయ్యా. నాకూ నీ మాటే హాయిగా అనిపించింది," అన్నారు.

సెప్టెంబరు 28

తుఫాను. ప్రాక్టీసు లేదు. ట్రాములు ఆపేశారు. తడిసిపోతూ నడిచి స్టేడియం వెనక ఊదోన్ నూడుల్స్ అంగడికి వెళ్ళాను. అన్న వాన రోజుల్లో అక్కడే ఉంటాడు.

ఉన్నాడు. ఒక్కడే, మూలన. ఎదురుగా కూచున్నాను. లేచిపోతాడనుకున్నాను. పోలేదు, గిన్నెలోంచి తల ఎత్తలేదు.

"అన్నా, వదిన నాతో మాట్లాడిన మాట నిజం. కానీ పన్నెండో తారీకున నేను బంతిని చంపలేదు. ఊరికే పట్టాను. అది నీ బంతే. అంతకుముందువన్నీ నేను మోగించినవి."

నమలడం ఆపాడు.

"ఎప్పట్నుంచి?"

"పోయిన సెప్టెంబరు."

"ఏడాదా?"

"ఏడాది."

"జూలై ఇరవయ్యొకటి?"

"అన్నిటికంటే గట్టిగా ఆరోజే."

అంగడి అవ్వ కిటికీ పలకలు బిగించడానికి వచ్చి మా మొహాలు చూసి లోపలికి వెళ్ళిపోయింది. అన్న కర్రపుల్లలు గిన్నె మీద అడ్డంగా పెట్టాడు. కుడికంటి కింద మచ్చ తెల్లబడింది. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఎందుకురా?" అన్నాడు.

నీ కోసమే అన్న మాట నోట్లో తయారుగా ఉంది. ఏడాదిగా రోజూ నాకు నేను చెప్పుకుంటున్నది. ఈ పుస్తకంలో కూడా అదే రాసుకున్నాను.

"నా కోసం," అన్నాను. "నువ్వు మానేస్తే నా పని పోతుంది. నేను ఇంకెక్కడా ఎవడికీ పనికిరాను. భయమేసింది."

తర్వాత అతను మళ్ళీ పుల్లలు తీసుకుని మిగిలిన ఊదోన్ అంతా తిన్నాడు. రసం కూడా తాగాడు. లేచి కోటు వేసుకున్నాడు.

"నిన్ను తిట్టడానికి మాటలు వెతుకుతున్నా. దొరకట్లేదు," అన్నాడు. "రేపు పొద్దున షెడ్డుకి రా. ఎవరూ ఉండరు. ఏమీ చెయ్యకు, ఊరికే పట్టు."

సెప్టెంబరు 29

ఇద్దరమే. గాలికి ఎగిరొచ్చిన ఆకులు ఊడ్చి మొదలుపెట్టాం.

యాభై బంతులు వేశాడు. ఒక్కో బంతికీ ముందు చాలాసేపు ఆగాడు. ఇరవైలు దాటాక గట్టిగా అరుస్తూ వేశాడు. ముప్ఫైలలో బూతులు తిడుతూ వేశాడు, నన్నో, బంతినో, తన భుజాన్నో. నలభైలలో ఏమీ అనలేదు. నేను చెయ్యి కదపలేదు. దాన్ని ఉన్నచోట ఉంచడం ఎంత కష్టమో నాకే తెలుసు.

యాభయ్యోది పడ్డాక మిట్ట మీదే కూచున్నాడు.

"ఇదా నా బంతి."

"ఇదే అన్నా."

"దీన్నేనా ఇన్నాళ్ళూ మోగించింది? అబ్బో, నువ్వు మామూలు మొనగాడివి కాదు." నవ్వబోయాడు, మచ్చ దగ్గర మొహం సరిగ్గా కదలలేదు. నేను బంతులు ఏరుతున్నాను, అటు చూడకుండా ఉండడానికి. అతను ఏడుస్తున్నాడు.

కాసేపటికి, "మూడో తారీకున ఒక్క బ్యాటర్‌కే వేస్తా. ఒసానైకి. తర్వాత మానేస్తా. హిరుకావాకి నేను చెప్పుకుంటా," అన్నాడు.

ప్రాణం లేచొచ్చింది. సెలవు తీసుకునే పిచర్‌కి ఎదుటి బ్యాటర్ మర్యాదగా మూడుసార్లు గాలిలో బ్యాటు ఊపి అవుటవుతాడు. అందరికీ తెలిసిన ఆనవాయితీ. ప్రమాదం లేదు.

"మంచి పని అన్నా. మూడు ఊపులు, పూలగుత్తి, అయిపోతుంది."

"ఊపులు వద్దు. వాడి దగ్గరికెళ్ళి చెప్పు. నిజంగా కొట్టమను."

"అన్నా!"

"ఏడాదిగా నువ్వు చెయ్యి ఊపింది చాలదూ?"

సెప్టెంబరు 30

వదినకి అన్నే చెప్పాడట. ఆమె నాకు ఫోన్ చేసి రెండు మాటలే అంది. "ఒక్కడికేనా?" "ఒక్కడికే వదినా." పెట్టేసింది.

అక్టోబరు 3

మధ్యాహ్నం ఎదుటి జట్టు గది బయట ఒసానై కోసం నిలబడ్డాను. నన్ను గుర్తుపట్టి వంగి నమస్కారం పెట్టాడు. సంగతి చెప్పాను.

"నా వల్ల కాదండి," అన్నాడు. "ఆయన మొహం... నేను రెండు నెలలుగా నిద్రపోలేదు. లోపలి బంతి వస్తే కళ్ళు మూసుకుంటున్నాను. మూడుసార్లు ఊపి కాళ్ళమీద పడతాను. అంతకంటే అడక్కండి."

"అడుగుతున్నది నేను కాదు బాబూ. ఆయన."

తల దించుకున్నాడు. అవుననలేదు, కాదనలేదు.

షెడ్డు దాకా నడుస్తూ అనుకున్నాను: ఒప్పుకున్నాడని చెబితే అన్న నిశ్చింతగా ఎక్కుతాడు. ఎంత సులువు. ఒక్క ముక్క.

"ఒప్పుకోలేదన్నా. తల దించుకున్నాడు. ఏం చేస్తాడో తెలియదు."

అన్న నా మొహం పరీక్షగా చూశాడు. "సరే. కూచో, చెయ్యి వేడెక్కించుకోవాలి." ఇరవై బంతులు. ఇరవైకి ఇరవై దబ్. సెగావా తన పిచర్‌ని ఆపి టోపీ తీసి నిలబడ్డాడు.

వాళ్ళ కోచ్ ఒసానైని మొదటి బ్యాటర్‌గా దింపాడు. నన్ను హిరుకావా గారు ఆటగాళ్ళ బెంచీ మీదకి పిలిచి తన పక్కన కూచోబెట్టుకున్నారు.

మొదటి బంతి, సూటిగా. ఒసానై బంతికి అడుగు పైన బ్యాటు ఊపాడు. స్టేడియం అంతా అర్థమై చప్పట్లు. చాలామంది ఏడుస్తున్నారు.

అన్న చప్పట్లు ఆగేదాకా ఉన్నాడు. తర్వాత మిట్ట దిగి సగం దూరం నడిచి, టోపీ తీసి, ఒసానైకి నడుము వంచి నమస్కారం పెట్టాడు. లేవలేదు. అలాగే ఉన్నాడు. ఒసానై వెనక్కి తప్పుకుని, చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని, బ్యాటు రెండుసార్లు మార్చి పట్టుకుని మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. ఈసారి నిలబడ్డ తీరు వేరు. హిరుకావా గారు నా మోకాలు గట్టిగా పట్టుకున్నారు.

రెండో బంతి బయటికి. వదిలేశాడు.

మూడోది సూటి బంతి. లోపలి వైపు. జూలైలో వేసిన చోటికే.

కొట్టాడు. ఒంట్లో ఉన్నదంతా పెట్టి కొట్టాడు. ఎటు పోయిందో నాకు తెలియలేదు, అన్ననే చూస్తున్నాను. గ్లవ్ మొహం ముందుకొచ్చింది. ఆలస్యంగా. బంతి ఎప్పుడో మూడో మెట్టు మీదుగా ఎడం మూలకి ఎగిరిపోయి గోడకి తగిలాక. అన్న ఆ గ్లవ్‌ని అలాగే మొహం ముందు పట్టుకుని, దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఎంత ఆలస్యమైందో అతనికి తెలిసింది. పైన జనం కూచునే వరసల్లో చిజురు వదిన నిలబడి ఉంది, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని.

ఒసానై రెండో మెట్టు మీద ఆగి పసివాడిలా ఏడుస్తున్నాడు. అన్న అక్కడిదాకా నడిచి వెళ్ళాడు. ఏదో అడిగాడు. అతనేదో అన్నాడు. అన్న అతని భుజం తట్టి, టోపీ పైకెత్తి నాలుగు వైపులా తిరిగి, వచ్చేశాడు.

స్నానాల గదిలో అడిగాను, "ఏమన్నావన్నా వాడితో?"

"చేతులు జివ్వుమన్నాయా అని అడిగా." నెత్తి మీద నీళ్ళు గుమ్మరించుకున్నాడు. నా బంతి కొడితే మోచేతుల దాకా జివ్వుమనేది ఒకప్పుడు, బ్యాట్లు పారేసి చేతులు ఊదుకునేవాళ్ళు.

"ఏమన్నాడు?"

"లేదండీ అన్నాడు. మంచి పిల్లాడు."

పైన ‘అతని బంతి’ అని రాయబోయి ‘నా బంతి’ అని అతను అన్నట్టే రాసేశాను. తప్పు కాదులే, ఉండనీ.

అక్టోబరు 5

ఆఫీసులో కాగితం ఇచ్చారు. వచ్చే ఏడు నేను అక్కర్లేదు. మర్యాదగానే చెప్పారు. ఇంటికొచ్చి ఫుమినోకి చెప్పాను, ఏడాదిగా దాచిందంతా చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. "పిచ్చివాడా, ఇంతదాన్ని ఒక్కడివే మోశావా," అని, లేచి వాళ్ళ నాన్నకి ఫోన్ చేసింది. సోమవారం నుంచి తోట.

అక్టోబరు 7

పొద్దున ఏడింటికి ఫోన్ మోగింది. అన్న.

"ఏం చేస్తున్నావురా?"

"ఏం లేదన్నా. నువ్వు?"

"నేనూ అంతే."

తర్వాత మాటలు రాలేదు. అతని వైపు నుంచి వంటింటి చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. నా వైపు నుంచి ట్రాము వినిపించి ఉంటుంది. పెట్టేస్తాడనుకున్నాను, పెట్టలేదు. నేనూ పెట్టలేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. అలా ఎంతసేపు ఉన్నామో. చివరికి దూరంగా వదిన గొంతు వినబడింది, "అన్నం చల్లారిపోతోంది, ఎవరితో మాట్లాడుతున్నారు అంతసేపు?"

"నుమాతో," అన్నాడు అన్న.